చేపఁ గొనక: ‘లవణబోధిని’ అను టీకా తాత్పర్యము

మూలము

ఆ.వె. ఉప్పుఁ గొలిచి నీట నోపికఁ గలుపుచు
రాలు నిలిపి నెలలు రాత్రి పగలు
చేపఁ గొనక వేచు సిద్ధపురుషునకు
కడలి చిక్కు గాజు కలశమందు

అవతారిక

ఈ పద్యకర్త మా మామగారు. కాకినాడలో ఉద్యోగమంతా తెలుగు పండితులుగా చేసి, 2020 ఫిబ్రవరిలో ఆర్నెల్లకని ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చారు. డాలస్ పక్క ఊరు. తర్వాత కోవిడ్ వచ్చింది, విమానాలు ఆగాయి. ఏడాది తిరిగినా మామగారూ అత్తగారూ మాతోనే ఉన్నారు. పద్యం రాసిన పత్రం ఒక పచ్చ రంగు స్టికీ నోటు. (ఏ పచ్చ అన్న ప్రశ్న ముందు ముందు వస్తుంది.) ప్రకటించిన చోటు మా హాల్లో ఉన్న 75 గ్యాలన్ల ఉప్పునీటి తొట్టి అద్దం.

వ్యాఖ్య రాసేవాడు మల్లినాథసూరిని తలచుకోవాలి. మెదకు సీమలోని కొలిచెలమ ఆయనది. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం. ఆ నియమం నాకు అవతారికలోనే తప్పింది. కాళిదాసు కావ్యాలకు తాను రాసిన వ్యాఖ్యకు ఆయన ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. నేనూ అదే పెడదామనుకున్నాను గాని, ఎన్ని పుటలు రాసినా మా తొట్టిలో చచ్చినవి లేవలేదు. అందుచేత ‘లవణబోధిని’తో సరిపెట్టుకున్నాను.

ఇక పద్యం పుట్టిన సందర్భం. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. 16 పొద్దున డాలస్‌లో సున్నాకు 19 డిగ్రీలు దిగువన చలి. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదట. మా వీధిలో మూడు రోజులు దీపం లేదు. పగడాల తొట్టికి 25, 26 డిగ్రీల వెచ్చదనం కావాలి. పంపు ఆగితే నీళ్లు కదలవు, నీళ్లు కదలకపోతే ప్రాణవాయువు కలవదు. చలికి ఓర్చినవి ఊపిరాడక పోయాయి. గ్యాసు పొయ్యి వెలిగేది కనుక, నీళ్లు మరగబెట్టి సీసాలకు పట్టి, మూతలు బిగించి, తొట్టిలో తేలేశాను. ఆ రాత్రి మా వంటింట్లో ఒక ధర్మసందేహం పుట్టింది: మరిగిన నీళ్లు ముందు చేపలకా, మామగారి కాఫీకా? మా ఆవిడ ఏం తీర్పు చెప్పిందో రాయను. కాఫీ మాత్రం పొగలు కక్కుతూ వచ్చింది.

ఎనిమిది చేపల్లో ఏడు పోయాయి. బకెట్లో వేసి పొయ్యి పక్కన పెట్టుకున్న చిన్న క్లౌన్ చేప ఒక్కటి మిగిలింది. పగడాలు తెల్లబడి, కండ ఊడి, ఎముకలయ్యాయి. ఐప్టేసియా అనే కలుపు మాత్రం చెక్కు చెదరలేదు. పొలానికి తుంగ ఎలాగో పగడాల తొట్టికి అది అలాగ.

ప్రతిపదార్థము, వివరణము

ఉప్పున్ = లవణమును; కొలిచి = పరిమాణ మెఱిగి. ‘కొలుచు’ అనగా సేవించుట యనియుఁ గలదు. ఇచట రెండర్థములును గ్రాహ్యములే.

సముద్రపు నీరు కిలోకు 35 గ్రాముల లవణాలు మోస్తుంది. మా తొట్టిలో రాళ్లు పోగా పట్టే నీళ్లు 240 లీటర్లు. అంటే 8 కిలోల పైచిలుకు ఉప్పు. దాన్ని కొలిచేందుకు రిఫ్రాక్టోమీటర్ అనే గొట్టం ఉంది. గాజు మీద ఒక బొట్టు వేసి, వెలుగుకేసి పట్టి, ఒంటికన్నుతో చూడాలి. అలా కిటికీ దగ్గర నిలబడ్డ నన్ను చూసి అత్తగారు, “బాబు సంధ్యవార్చుకుంటున్నాడా?” అని అడిగారు. మా ఆవిడ అవునంది. కొలిచి అన్న మాటకు రెండో అర్థం అక్కడ సిద్ధించింది.

“నౌపడ ఉప్పు పనికిరాదా అల్లుడుగారూ? అదీ సముద్రంలోదేగా?” అని మామగారి ఆక్షేపణ. మంచి ఆక్షేపణే. కాని సముద్రంలోంచి వచ్చిన ఉప్పులో సముద్రం ఉండదు. ఉప్పు మడిలో నీరు ఎండుతుంటే ముందు సున్నం, జిప్సం అడుక్కు దిగుతాయి. తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మిగిలిన చేదునీళ్లలో మెగ్నీషియం ఉంటుంది, దాన్ని బయటికి వదిలేస్తారు. పగడం తన ఎముక కట్టుకోవడానికి అడిగేవి సరిగ్గా మనం వదులుకున్నవే. లీటరుకు 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 దాకా మెగ్నీషియం. అందుకే అవన్నీ మళ్లీ కలిపిన ఉప్పును బకెట్ల లెక్కన కొనాలి. కాకినాడవాడు డబ్బు పెట్టి సముద్రం కొనడం చూసి మామగారు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

నీటన్ = జలమునందు; ఓపికన్ = సహనముతో; కలుపుచు = మిశ్రము సేయుచు.

కలిపి అనక కలుపుచు అన్నాడు కవి. ఇది ఒకనాటితో తీరేది కాదని ధ్వని. తొట్టిలో నీరు రోజూ ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఈ సూక్ష్మం పట్టుకోవడానికి నాకు ఒక సంవత్సరం, కొన్ని నత్తల ప్రాణాలు పట్టాయి. అత్తగారు ఒక్క మాటలో తేల్చారు: “చారు మరిగి దగ్గరపడితే నీళ్లు పోస్తాం గాని మళ్లీ ఉప్పేస్తామా?”

రాలు = శిలలను; నిలిపి = ప్రతిష్ఠించి.

ఇక్కడ వ్యాఖ్యాత తన మొదటి పాపం ఒప్పుకోవాలి. శవాలు తీశాక రాళ్లు కంపు కొడుతున్నాయని పెరట్లో వేసి, తోట గొట్టంతో, కొళాయి నీళ్లతో, బ్రష్షుతో తోమాను. మా కొళాయి నీళ్లలో క్లోరమైన్ ఉంటుంది. మనుషుల నీళ్లలో క్రిములను చంపడానికి వేసిన మందు అది. నా రాళ్లను పట్టుకొని బతుకుతున్న క్రిములనూ చంపింది. తొట్టి నీళ్లనే బకెట్లోకి తీసి, అందులో జాడించి ఉంటే సరిపోయేది.

“మరిగే నీళ్లలో వేస్తే ఇంకా శుద్ధి కదా” అన్నారు మామగారు. అది మాత్రం చేయలేదు, ఇది చదివేవాళ్లూ చేయవద్దు. జోవాంతిడ్ అనే గుండీలాంటి పగడజాతి కొన్నిటిలో పాలిటాక్సిన్ ఉంటుంది. ఆ రాతిని ఉడకబెడితే విషం ఆవిరితో లేస్తుంది. అలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు నిజంగా ఉన్నాయి.

నెలలు = మాసములు; రాత్రి పగలు = అహోరాత్రములు.

పాఠభేదము: పంపు దగ్గర చిందే ఉప్పు తుంపర వల్ల మూలపత్రంలో ‘నెలలు’ మొదటి అక్షరం చెదిరిపోయింది. ఇంటికొచ్చిన ఒక మిత్రుడు దాన్ని ‘అలలు’ అని చదివాడు. అలలు పుట్టించే పంపు రాత్రీ పగలూ తిరగాలి కనుక అర్థం కుదురుతుంది. మా ఆవిడ ‘కలలు’ అని చదివింది. గణం చెడదు, యతికి భంగం లేదు, నా స్వభావానికీ అతుకుతుంది. మామగారిని అడిగితే, “ఆయ్, నెలలేనండి. ఆ ఒక్క మాట కోసమే పద్యం రాశాను” అన్నారు. కాబట్టి నెలలే.

ఎందుకు నెలలు? చచ్చినదీ తిని వదిలినదీ కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒక జాతి బాక్టీరియా దాన్ని తిని నైట్రైట్ చేస్తుంది. ఇంకో జాతి దాన్ని తిని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కాస్త ఉన్నా చేప బతుకుతుంది, అమ్మోనియా ఉంటే బతకదు. ఈ జాతులు రాతి ఒంటిని కరుచుకొని పెరుగుతాయి. పాలు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు. ఈ తోడు పడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ తర్వాత గోధుమరంగు పాచి వస్తుంది, అది పోయి ఆకుపచ్చ నాచు వస్తుంది, ఆ తర్వాత ఎప్పటికో రాతి మీద గులాబీరంగు పొర కడుతుంది. మా చేపలు పోయాయని తెలిసి ఆరుగురు ఫోన్ చేసి పరామర్శించారు. బాక్టీరియా గురించి ఒక్కరూ అడగలేదు. నన్నడిగితే ఆ ఇంట్లో అసలు చావు వాటిది, చంపింది నేను.

చేపన్ = మత్స్యమును; కొనక = క్రయము సేయక.

పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది. వ్యాఖ్యాత రెండో పాపమూ ఇక్కడే ఉంది.

రాళ్లు నిలిపిన 23వ రోజు, మార్చి 20, శనివారం. కూరగాయలకని వెళ్లినవాణ్ని చేపల దుకాణం ముందు ఆగాను. ఆగితే ఏమవుతుందో ఈ పిచ్చి ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. నీలి క్రోమిస్‌లు వెండి మెరుపులా తిరుగుతున్నాయి. నిగ్రహం ఉన్నవాణ్నని నిరూపించుకోవడానికి ముందు ఇంటికి ఫోన్ చేశాను. అమ్మోనియా పరీక్ష సంగతి పాఠకులకు చెప్పాలి: గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి, రెండు సీసాల మందు చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు ఆగితే రంగు తేలుతుంది. పసుపురంగు అయితే అమ్మోనియా లేదు. ఆకురంగు అయితే ఉంది.

“చుక్కలు వేశానండీ.”

“రంగెలా ఉంది?”

“పచ్చగా ఉంది.”

“పచ్చగానే ఉందా? సరిగ్గా చూడు.”

“చక్కగా పచ్చగా ఉందండీ.”

మూడు క్రోమిస్‌లు కొని తెచ్చి తొట్టిలో వదిలాను. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 8.2 దాకా. అందుకని అమ్మోనియాలో విషపు వాటా మంచినీళ్లలో కంటే అక్కడ ఎక్కువ. నాలుగో రోజుకు మూడూ పోయాయి.

తర్వాత విచారణ జరిగింది. మా ఆవిడ చూసింది ఆకుపచ్చ. నేను విన్నది పసుపుపచ్చ. పైరు పచ్చనే, పెళ్లికూతురి పాదాలూ పచ్చనే. తెలుగులో పుట్టి తెలుగులో పెరిగి, ఏ పచ్చ అని అడగకపోవడం నా తప్పు. “నిఘంటువు తియ్యనా?” అని మామగారు లేవబోయారు. అత్తగారు కూర్చోబెట్టారు. ఆ రాత్రి పద్యం పుట్టింది, పొద్దున అద్దానికి అంటుకొని ఉంది.

వేచు = నిరీక్షించు.

‘వేచు’ అంటే వేయించు అనీ అర్థం ఉంది. “చేప కొనకుండా వేచేవాడు నిజంగా సిద్ధపురుషుడే” అని మా ఆవిడ వ్యాఖ్యానం. కాకినాడ పిల్ల కనుక ఆమెకు ఈ అర్థమే ముందు తోచడం సహజం. సందర్భశుద్ధి లేదని కొట్టివేయబడింది. ఆ మాట చెప్పిన రోజు భోజనంలో వేపుడు కూడా లేదు.

సిద్ధపురుషునకు = యోగసిద్ధి నొందినవానికి. మా ఇంట ఇట్టివాఁడు లేఁడు.

కడలి = సముద్రము; గాజు కలశమందు = కాచపాత్రయందు; చిక్కు = పట్టుబడును. చిక్కిపోవును అనియుఁ జెప్పవచ్చును. చిక్కుముడి యనియు నగును. గ్రంథకర్త మొదటిది ఉద్దేశించినట్లు తోచుచున్నది. వ్యాఖ్యాతకు మూడును అనుభవములో నున్నవి.

పూర్వపక్షము

“బాక్టీరియా సీసాల్లో అమ్ముతారుగా, ఒంపేసుకుంటే రెండో వారంలోనే చేపలు వేసుకోవచ్చు” అని మా బావమరిది ఫోన్లో అన్నాడు. ఒంపాను. నడక కాస్త వేగం పెరిగిన మాట నిజమే. కాని తోడు పడిందో లేదో చెప్పేది సీసా మీది అట్ట కాదు, గాజు గొట్టం. పడిన తర్వాత కూడా చేపలను ఒక్కసారిగా దించకూడదు. ఒక్కో చేప వచ్చినప్పుడల్లా దాని మలినానికి సరిపడా బాక్టీరియా పెరగాలి. వచ్చిన చేపను వేరే తొట్టిలో నాలుగు వారాలైనా విడిగా ఉంచాలి, తెల్లమచ్చ తెగులు దాచుకొని వస్తుంది కాబట్టి. అదీ నెలల్లో భాగమే.

ఇంకొక పూర్వపక్షం మామగారిది: “అండమాన్‌లో తెలిసినవాళ్లున్నారు, నాలుగు పగడపు ముక్కలు తెప్పిద్దామా?” గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఏ వరసలో ఉందో పగడమూ ఆ వరసలోనే ఉంది. ఆ సంగతి చెప్పాక మామగారు తెలిసినవాళ్ల ప్రస్తావన మళ్లీ తేలేదు.

విశేషాంశము

మిగిలిన క్లౌన్ చేప మగది. జంటలో పెద్దది ఆడది, అది చలికి పోయింది. ఈ జాతిలో ఆడది పోతే మిగిలిన మగదే కొన్నాళ్లకు ఆడది అవుతుంది. ఇది చెబితే నమ్మరేమోనని నేను సంకోచిస్తుంటే మామగారు తల కూడా ఎత్తలేదు. “సర్పవరంలో నారదుడు కొలనులో మునిగి ఆడదై అరవైమంది కొడుకులను కనలేదూ? మా ఊరి పక్కనే” అన్నారు. స్థలపురాణం చేతిలో ఉన్నవాళ్లకు జీవశాస్త్రం కొత్త కాదు. కనుక కొత్తగా తేవలసింది దానికంటే చిన్న చేప. పెద్దదాన్ని తెస్తే పోట్లాట.

అలంకారము

శ్లేష. ఉప్పు ధరతో కలిపి చూస్తే అతిశయోక్తి లేదు.

తాత్పర్యము

ఉప్పు కొలిచి, రాళ్లు నిలిపి, కొన్ని నెలలు చేపల దుకాణం ఉన్న వీధిలోంచి వెళ్లకుండా ఉన్నవాడికి తొట్టి నిలుస్తుందని భావము.

గద్యము

ఇది కాకినాడపుర వాస్తవ్య శ్వశుర ప్రణీతంబైన పద్యంబునకు, హిమపాత హత మత్స్య శోక సంతప్తుండును, లవణ క్రయ కృశిత కోశుండును, పచ్చ శబ్దార్థ సందేహ విడంబితుండును నగు జామాత రచించిన లవణబోధిని యను వ్యాఖ్యానంబు సమాప్తము.

వ్యాఖ్య ముగించిన నాఁటికి తొట్టిలో ఉన్నవి: క్లౌన్ చేపలు రెండు, నత్తలు పదకొండు, రొయ్య ఒకటి, ఐప్టేసియా లెక్కకు మించి. అమ్మోనియా పచ్చ. పసుపుపచ్చ.