గడ్డి చుట్టే యంత్రమూ, సాయపడే కాలూ

రౌండ్ బేలర్ అనగా ట్రాక్టరు వెనుక నడుస్తూ, వరికోత యంత్రం పొలంలో వదిలివెళ్లిన గడ్డి వరుసను పికప్ అనే పళ్లచక్రంతో ఏరుకొని, లోపలి రోలర్ల మధ్య చాప చుట్టినట్లు చుట్టి, పైన పురికొస బిగించి, వెనుక తలుపు తెరిచి నేలమీదికి విడిచే యంత్రం. తెలుగు జిల్లాల్లో ఎక్కువగా కనిపించే చిన్నరకం బేలరు కట్టే కట్ట సుమారు 2 అడుగుల లావు, 3 అడుగుల పొడవు ఉండి 20 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన ఉమ్మో ల్యూబెన్ 1910లో ఈ జాతి యంత్రానికి పేటెంటు పొందగా, ఆలిస్ చామర్స్ సంస్థ 1947లో దానిని అంగడికెక్కించింది. 1971లో అయోవా రాష్ట్రంలోని పెల్లాలో గ్యారీ వెర్మీర్ పెద్ద కట్టలు కట్టే బేలరును తయారుచేసినప్పుడు, గడ్డి పనిని ఒక్క మనిషే చక్కబెట్టుకోగలగాలన్నది ఆయన సంకల్పం. అదే జాతి యంత్రం తెలుగునేలకు వచ్చేసరికి ఆ ఒక్క మనిషికి ఒక సహాయకుడు, ఒక చేను యజమాని, గట్టుమీద నిలబడి సలహాలిచ్చే నలుగురు పెద్దమనుషులు తోడయ్యారు. ప్రమాదశాస్త్రం దృష్టిలో యంత్రంలో వచ్చిన మార్పులకంటే ఈ మార్పే ముఖ్యమైనది.

గడ్డికి రెండు రకాల మొండితనం ఉన్నది. సార్వా పంట, అంటే వానాకాలపు వరి, కోతకొచ్చే నవంబరులోనే బంగాళాఖాతానికి తుపాను బుద్ధులు పుడతాయి కాబట్టి, ఆ గడ్డి తడిసి, కోతయంత్రం చక్రాల కింద నలిగి, బురద పూసుకొని ముద్దలు ముద్దలుగా పడి ఉంటుంది. అటువంటి ముద్ద పికప్ నోటికి అందినప్పుడు యంత్రం దానిని మింగనూ లేదు, కక్కనూ లేదు. దాళ్వా గడ్డి, అంటే తెలంగాణలో యాసంగి గడ్డి, ఇందుకు పూర్తిగా విరుద్ధం: ఎండలకు అప్పడమై, రోలర్ల మధ్య చుట్టుకోవడానికి బదులు పొడిపొడిగా రాలి, ఆ తుక్కు బేరింగుల చుట్టూ పేరుకుంటుంది. అరిగిన బేరింగు వేడెక్కితే అక్కడ నిప్పు పుట్టడానికి అగ్గిపుల్ల అవసరం లేదు. గుప్పెడు గడ్డిని తీసుకొని మెలిపెట్టినప్పుడు పెటపెటమని విరిగితే ఆరినట్లు, వెంటిలాగా, అంటే గడ్డితో పేనిన మోకులాగా, వంగితే ఆరనట్లు అని నిర్ణయించే పరీక్షకు పరికరాలు గాని పట్టాలు గాని అక్కరలేదు. తడిగడ్డిని తిరగేసి ఎండనివ్వాలి, లావుపాటి వరుసను తక్కువ గేరులో నిదానంగా ఎత్తాలి; పెళుసు గడ్డిని పొద్దున మంచు పదునులో కట్టాలి. తొందరపడి తడిగడ్డినే కట్టి వామి వేస్తే, సూక్ష్మజీవులు లోపల కాపురం పెట్టి వేడి పుట్టిస్తాయి. ఆ వేడి 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, వారాల తరువాత, అందరూ నిద్రపోతున్న వేళ వామి తనంతట తానే అంటుకోగలదు.

అయితే మనిషికి ముప్పు తెచ్చేది గడ్డి మొండితనం కాదు, మనిషిలోని పరోపకార గుణం. పికప్‌లో ముద్ద ఇరుక్కున్న క్షణాన గట్టుమీది నుంచి “కాస్త కాలితో తొయ్యవోయ్, అదే పోతుంది” అన్న ఉపదేశం తప్పక వినవస్తుంది. ఆ ఉపదేశంలో అబద్ధం లేదు, అది నిజంగానే పోతుంది. కాకపోతే ఒంటరిగా పోదు. ట్రాక్టరు ఇంజను శక్తిని బేలరుకు అందించే కడ్డీని పీటీఓ షాఫ్టు అంటారు. అది నిమిషానికి 540 చుట్లు, అనగా క్షణానికి 9 చుట్లు తిరుగుతుంది. మూడంగుళాల లావున్న షాఫ్టు ఆ వేగంతో క్షణానికి 7 అడుగుల గుడ్డను చుట్టుకోగలదని లెక్క తేలుతుంది కాబట్టి, ఎనిమిది మూరల పంచె, అంటే 12 అడుగుల గుడ్డ, రెండు క్షణాలైనా నిండకముందే యజమానిని విడిచి షాఫ్టును ఆశ్రయిస్తుంది, యజమానిని విడవకపోతే మరీ కష్టం. మెడలో తువ్వాలుకు, లుంగీకి, చీరకొంగుకు ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆ షాఫ్టుపై కంపెనీవారు అమర్చే ప్లాస్టిక్ తొడుగు మొదటి మరమ్మతు నాడు ఊడి, మళ్లీ బిగింపుకు నోచుకోక, ఏ షెడ్డు మూలనో చేరి, తదుపరి జీవితాన్ని బీరపాదుకు ఊతంగా గడపడం కద్దు.

బేలరులో షియర్ బోల్టు అనే చిన్న భాగం ఒకటి ఉంటుంది. ఒత్తిడి మితిమీరినప్పుడు ముందుగా తానే తెగిపోయి మిగిలిన యంత్రాన్ని కాపాడటం దాని ఉద్యోగం. తెగడమే ధర్మంగా పుట్టిన ఆ బోల్టు తెగిన ప్రతిసారీ దానిని నాసిరకమని నిందించి, దాని స్థానంలో చావులేని ఇనుప చువ్వను దిగ్గొట్టే చతురులున్నారు. అటుపైన తెగవలసింది గేరుపెట్టె గనుక, పది రూపాయల త్యాగం తప్పించి పదివేల త్యాగానికి దారి వేసిన ఈ పొదుపును ఏ అర్థశాస్త్రమూ వివరించలేదు. వెనుక తలుపును ఎత్తి నిలిపేది హైడ్రాలిక్ నూనె ఒత్తిడి మాత్రమే. గొట్టం పగిలితే ఆ తలుపుకు బంధుప్రీతి ఉండదు కాబట్టి, తాళపు మీట వేయకుండా దాని కిందికి తల దూర్చరాదు.

ఇక్కడ నవ్వును కాసేపు పక్కన పెట్టాలి. పాశ్చాత్య దేశాల కట్టలు అర టన్నుకు పైగా కూడా తూగుతాయి, గుండ్రటివి గనుక వాలు దొరికితే దొర్లుతాయి. ఎలెక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా బృందంలో ఒకప్పుడు సెల్లో వాయించిన మైక్ ఎడ్వర్డ్స్ 2010 సెప్టెంబరులో ఇంగ్లండులోని డెవన్‌లో దారిన వ్యానులో పోతుండగా, కొండవాలు నుంచి దొర్లివచ్చిన గడ్డికట్ట తగిలి మరణించారు. ఆయన ఏ బేలరు దగ్గరికీ పోలేదు.

తెలుగునేల మీది 20 కిలోల కట్ట అంతటి ఘాతుకం చేయలేదు. ఇక్కడి ప్రమాదానికి మూలం కూలి లెక్కలో ఉన్నది. అద్దె బేలరుకు డబ్బు కట్టల లెక్కన ముడుతుంది కాబట్టి, ఆగిన ప్రతి నిమిషమూ డ్రైవరుకు జేబులోంచి రాలిపోతున్నట్లు తోస్తుంది. దారం చుట్టుకుంటున్నంతసేపు ట్రాక్టరు నిలిచి ఉన్నా షాఫ్టు మాత్రం తిరుగుతూనే ఉంటుందన్న సంగతిని మరచి, సహాయకుడు ఆ విరామాన్నే సేవకు అనువైన ముహూర్తంగా ఎంచుకుంటాడు. పీటీఓ ఆపి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకొని, తిరిగేవన్నీ పూర్తిగా నిలిచేదాకా చూసి దిగడానికి సుమారు అర నిమిషం పడుతుంది. గంటకు 60 కట్టలు కట్టే బేలరుకు ఆ అర నిమిషంలో పోయేది అర కట్ట, అనగా 10 కిలోల గడ్డి, అదీ తడిది.