ఐదు వాట్ల ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలం

ఐదు వాట్ల మూట యద్దె గదికి వచ్చె
మీటరంత వలయ మేడ మీద
కడప మాట కొరకు గాలిలో వెతుకును
ఏసి రొదలలోన నేమి దొరకు

అవతారిక

ఈ ఆటవెలదికి రంగస్థలం ఫర్వానియా. అంతర్జాతీయ విమానాశ్రయాన్ని తన గవర్నరేట్‌లోనే పెట్టుకున్న ఈ కువైట్ పట్టణమూ, పక్కనే ఉన్న ఖైతాన్, జిలీబ్‌లూ తెలుగువాళ్లకు కొత్తవి కావు. కడప, రాజంపేట, రాయచోటి వైపు, ఇటు గోదావరి జిల్లాల్లోనూ కువైట్‌లో పనిచేసే మనిషి ఒకరైనా లేని వీధి కావాలంటే వెతుక్కోవాలి. కావ్యనాయకుడు ఆ వీధుల్లోంచి వచ్చినవాడే. కాకపోతే హామ్, అంటే సరదా కోసం రేడియోలో సంభాషించే లైసెన్సుదారు. లక్షణ గ్రంథాలు చెప్పిన నాలుగు రకాల నాయకుల్లో ఇతణ్ని ధీరశాంతుడిగా గుర్తించాలి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నలుగురు నిద్రపోతున్న గదిలో హెడ్‌ఫోన్ తగిలించుకుని మోర్స్ వినేవాడికి ఔద్ధత్యం పనికిరాదు.

వాట్సాప్ ఉండగా కడప మాట కోసం గాలిలో వెతకడమేమిటి? చెరువు గట్టున గాలం వేసి కూర్చున్నవాణ్ని బజారులో చేపలు దొరకవా అని అడిగితే ఏం చెబుతాడో, ఇక్కడా అదే జవాబు.

ప్రతిపదార్థం

ఐదు వాట్ల మూట = అయిదు వాట్లకు మించని శక్తి గల ప్రసార యంత్రమనెడి మూట; అద్దె గదికిన్ వచ్చెన్ = నెలకిన్ని దీనార్లని పంచుకొను గదికి చేరెను; మీటరంత వలయ = మీటరు అడ్డకొలత గల రాగి వలయము; మేడ మీద = అయిదవ అంతస్తు బాల్కనీ యందు, ఉతికిన బట్టల తీగకును ఏసి పెట్టెకును నడుమ నిలిచి; కడప మాట కొరకున్ = స్వస్థలమునుండి వెలువడు సంకేతము కొరకు; గాలిలోన్ వెతుకును = పదునాలుగు మెగాహెర్ట్జుల ప్రాంతమున తడుముచుండును; ఏసి రొదలలోనన్ = శీతలీకరణ యంత్రముల విద్యుత్ ఘోష నడుమ; ఏమి దొరకున్ = ఏమి లభించును?

తాత్పర్యం

చిన్న సెట్టు, చిన్న ఏంటెనా, పెద్ద దూరం, అంతకన్నా పెద్ద రొద. ఇంత మాత్రానికి వ్యాఖ్యానం ఎందుకంటే, పై నాలుగింటిలో ఏది అసలు అడ్డంకో మూలం పైపైన చదివితే తెలియదు. అది విశేషాల్లో తేలుతుంది.

విశేషాలు

అధ్యాహారం. మూలంలో లేని మాటను ఒకటి ముందే తెచ్చిపెట్టుకోవాలి: ‘లైసెన్సు గలవాడై’. ఆటవెలదిలో చోటు చాలక కవి వదిలేశాడు గాని చట్టం వదలదు. నాయకుడు ఊళ్లో పరీక్ష రాసి తెచ్చుకున్న భారతీయ లైసెన్సు, ‘వియు’తో మొదలయ్యే కాల్‌సైన్ కువైట్ గడ్డ మీద తమంతట తాము చెల్లవు. అక్కడి తరంగాల పెత్తనం 2014 నాటి చట్టంతో ఏర్పడ్డ సిట్రా అనే నియంత్రణ సంస్థది. అక్కడి హామ్‌ల కాల్‌సైన్లు 9కె2తో మొదలవుతాయి. వాళ్లకు కువైట్ అమెచ్యూర్ రేడియో సొసైటీ ఉంది. సెట్టును సూట్‌కేసులో సర్దే ముందే ఆ అనుమతి సంగతి తేల్చుకోవాలి, మీట నొక్కడం ఆ తర్వాత. కవి ‘పలుకును’ అనకుండా ‘వెతుకును’ అనడంలోని జాగ్రత్త గమనించదగినది.

ఐదు వాట్ల మూట. ఇక్కడ కుచేలుడి అటుకులు ధ్వనిస్తున్నాయి. హామ్‌ల పరిభాషలో దీనిని క్యూఆర్‌పి అంటారు. మోర్స్‌కైతే 5 వాట్లు, మాటకైతే 10 వాట్లు దీనికి వాడుకలో ఉన్న హద్దులు. ఇంత తక్కువ శక్తితో పనవుతుందా అని శంక. లెక్క చూస్తే శంక సగం తీరుతుంది. మామూలు సెట్టు 100 వాట్లది. దాన్నుంచి 5 వాట్లకు దిగితే నష్టం 13 డెసిబెల్స్. అవతలివాడి సెట్టులో సంకేత బలం చూపే మీటరు మీద ఒక్కో మెట్టు 6 డెసిబెల్స్ కాబట్టి, ఇరవయ్యో వంతుకు తగ్గినా ముల్లు రెండు మెట్లు మాత్రమే దిగుతుంది. 2000 దశకం మొదట్లో యాయెసు కంపెనీ తెచ్చిన ఎఫ్‌టి-817 కిలో పైచిలుకు బరువుతో ఈ మూటను నిజంగానే భుజానికి తగిలించుకునేదిగా చేసింది. మూటలో ఉన్నది తక్కువని కవి బాధపడటం లేదు. రెండో పాదానికి వచ్చేసరికే అసలు ఇబ్బంది మొదలవుతుంది.

మీటరంత వలయ. వలయము అనవలసిన చోట ‘ము’ లోపించింది. బాల్కనీలో చోటు చాలకపోవడమే కారణమని సమర్థించుకోవాలి.

ఇది శబ్దం సంగతి. అర్థానికి వస్తే, 14 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 21 మీటర్లు. పద్ధతి ప్రకారం కట్టే డైపోల్‌కు అందులో సగం, అంటే 10 మీటర్ల తీగ కావాలి. 7 మెగాహెర్ట్జ్‌కైతే 20 మీటర్లు. ఫర్వానియా బాల్కనీలో మనిషి ఒళ్లు విరుచుకుంటేనే గోడ తగులుతుంది. అందుకే వలయం. మీటరు అడ్డకొలత ఉన్న రాగి గొట్టాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసల మధ్య ఒక కెపాసిటర్ పెట్టి శ్రుతి చేస్తారు. 1967లో కెన్నెత్ పాటర్సన్ అమెరికా సైన్యం కోసం చేసిన, ముక్కలుగా విప్పి మోసుకుపోగల అష్టభుజి ఈ జాతి పూర్వీకుల్లో ఒకటి. బ్రెజిల్ హామ్ రూపొందించిన అలెక్స్‌లూప్ దీని సంచీ అవతారం.

చిన్నదయినందుకు వలయం కట్టే సుంకం ఏమిటో చూడాలి. శక్తిని తరంగంగా మార్చే గుణాన్ని రేడియేషన్ రెసిస్టెన్స్ అనే కొలతతో చెబుతారు. స్వేచ్ఛగా వేలాడే డైపోల్‌కు అది 73 ఓమ్‌లు. మన వలయానికి 14 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 0.09 ఓమ్. అంగుళం లోపు రాగి గొట్టం తన సొంత నిరోధంతో అందులో సగమంత తినేస్తుంది. అతుకుల్లో ఒక్క తుప్పు పట్టిన స్క్రూ మిగతాది లాగేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు స్క్రూలు మానేసి టంకం వేస్తారు. 7 మెగాహెర్ట్జ్‌కు దిగితే ఆ 0.09 కాస్తా పదహారో వంతు అవుతుంది. అప్పుడు నాయకుడి ఐదు వాట్లలో గాలిలోకి వెళ్లేది ముప్పాతిక వాటు, మిగతాది రాగిని వెచ్చజేయడానికి. జూలైలో ఫర్వానియాలో రాగిని వెచ్చజేయాల్సిన పని ఎవరికీ లేదు.

ఇంకో వింత. నిరోధం అంత తక్కువ కావడంతో ఐదు వాట్లకే వలయంలో ఐదు ఆంపియర్ల దాకా ప్రవాహం నడుస్తుంది, కెపాసిటర్ పలకల మధ్య వెయ్యి వోల్టుల వరకు నిలుస్తుంది. ఇది అత్యుక్తి అలంకారంలా వినిపిస్తుంది గాని స్వభావోక్తి. పంపేటప్పుడు వలయాన్ని ముట్టుకున్నవాడి వేలి చివర కాలుతుంది. ఆ బట్టల తీగ దగ్గరకు గదిలోవాళ్లు వచ్చే వేళల్లో పంపడం మానుకోవడం నాయకుడి కనీస ధర్మం. పైగా శ్రుతి చాలా సన్నం: 350 కిలోహెర్ట్జుల బ్యాండులో ఇరవై ముప్పై కిలోహెర్ట్జులకే అతుక్కుంటుంది. కాస్త జరిగితే మళ్లీ కెపాసిటర్ తిప్పాలి. తిప్పే చేయి దగ్గరుంటే ఒక శ్రుతి, చేయి తీస్తే ఇంకొకటి.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో రెండో పాదం ‘మేలి తీగ నొకటి మేడ మీద’ అని ఉంటే బాగుండేదని వ్యాఖ్యాత అభిప్రాయం. 10 మీటర్ల సన్నని తీగను ఒక కొసనుంచి నడిపే పద్ధతి ఉంది. కొస దగ్గర నిరోధం రెండున్నర వేల ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో దాన్ని సెట్టు అడిగే 50 ఓమ్‌లకు దింపుతారు. సామర్థ్యంలో ఇది వలయాన్ని సులువుగా మించుతుంది. కాకపోతే తీగ కొస ఎక్కడో కట్టాలి. ఎదురింటి డాబా మీద కడితే ఆ భవనపు హారిస్, అంటే కాపలాదారు, అరబ్బీలో అడిగే ప్రశ్నలకు ఛందస్సులో జవాబు చెప్పలేం. మూలపాఠమే గ్రాహ్యం.

పూర్వపక్షం. చిన్న పెట్టె, పెద్ద తీగ రెండూ సమానమేనని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1980ల చివర క్రాస్డ్ ఫీల్డ్ ఏంటెనా అని ఒకటి బయలుదేరింది. ఈజిప్టులో మీడియం వేవ్ ప్రసారాలకూ దాన్ని కట్టారు. స్వతంత్రంగా కొలిచినప్పుడు ఆ వాదం నిలవలేదు. నిలవదని సూత్రకారులు అంతకు నలభై ఏళ్ల ముందే చెప్పారు: 1947లో హెరాల్డ్ వీలర్, 1948లో లాన్ జెన్ చూ. తరంగం పొడవుతో పోలిస్తే ఏంటెనా బాగా చిన్నదైతే, సామర్థ్యమూ విశాలమైన బ్యాండూ రెండూ ఒకేసారి రావు. ఒకటి కావాలంటే రెండోదాన్ని వదులుకోవాలి. ఈ సూత్రానికి మినహాయింపు అమ్ముతామన్న ప్రకటన ఏదైనా కనిపిస్తే దీనార్లు జేబులోనే ఉంచుకోవడం సిద్ధాంతం.

కడప మాట కొరకు. దూరం సుమారు 3,560 కిలోమీటర్లు. దిక్కు తూర్పు నుంచి ఇరవై డిగ్రీలు ఆగ్నేయానికి. అయనావరణంలోని ఎఫ్ పొర 350 కిలోమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే ఒక్క గెంతులో చేరగల గరిష్ఠ దూరం 4,000 కిలోమీటర్ల పైచిలుకు. అంటే కడప ఒక్క గెంతు దూరంలో ఉంది. అయితే ఆ గెంతు వేయాలంటే తరంగం నేలకు రెండు మూడు డిగ్రీల ఎత్తునే బయలుదేరాలి. అంత వాలుగా చూస్తే ఫర్వానియాలో కనిపించేది ఆకాశం కాదు, ఎదురు భవనపు కాంక్రీటు, దానిలోని ఇనుము.

ఒక్క మాట కోసం ఇంత తాపత్రయమా అనేవారికి ఈ గడ్డ మీదే నిదర్శనం ఉంది. 1990 ఇరాకీ ఆక్రమణలో కువైట్ హామ్ అబ్దుల్ జబ్బార్ మరాఫీ, 9కె2డిజెడ్, లోపలే ఉండి రేడియో మీద బయటి ప్రపంచానికి సమాచారం చేరవేశాడు. మనవైపు, 1983లో హైదరాబాద్‌లో ఏర్పడ్డ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో జట్టు 2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్‌తో అండమాన్‌లో ఉంది. వెళ్లింది ప్రపంచ హామ్‌లతో సరదా సంభాషణలకు. 26న సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వాళ్ల సెట్లు క్షేమసమాచారాలు మోయడం మొదలుపెట్టాయి.

ఏసి రొదలలోన. మూడో పాదం చివరి ‘ను’కూ ఈ ‘ఏ’కూ మధ్య సంధి జరగలేదు. విసంధి దోషమే. ఫీడ్ కేబుల్‌లో టంకం సరిగ్గా పడని అతుకుకు సూచనగా కవి వదిలాడని సరిపెట్టుకుందాం.

ఈ పాదమే పద్యానికి జీవం. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఖాయం చేసిన లెక్క అది. అలాంటి చోట ఏసి ఆపమని గదిలో ఎవరినీ అడగలేం. ఇన్వర్టర్ ఏసీలు, ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు, నలుగురి ఫోన్ ఛార్జర్లు అన్నీ తలో రొద తరంగాల్లోకి విసురుతుంటాయి. తౌజ్ అనే దుమ్ము గాలి లేచిన రోజున ఇసుక రేణువులు ఏంటెనాను రాసుకుంటూ విద్యుదావేశం ఎక్కించి ఇంకో మోత జతచేస్తాయి.

ఇక్కడే ‘వెతుకును’ అనే క్రియ విలువ తెలుస్తుంది. పంపేటప్పుడు సుంకం కట్టిన వలయం, వినేటప్పుడు దాదాపు కట్టదు. ఈ బ్యాండుల్లో బయటి రొదే సెట్టు లోపలి రొదకన్నా చాలా ఎక్కువ కాబట్టి, ఏంటెనా సామర్థ్యం సగమైతే కడప మాట సగమవుతుంది, రొద కూడా సగమవుతుంది. వాటి నిష్పత్తి అలాగే ఉంటుంది. పైగా వలయానికి మంచి చెవుడుంది. నిలువుగా నిలబెట్టిన వలయం గుండా తలదూర్చి ఏ దిక్కు చూడగలమో, ఆ దిక్కు నుంచి వచ్చేది దానికి సరిగా వినపడదు. అంచు చూపే దిక్కు బాగా వినిపిస్తుంది. అంచును ఆగ్నేయం వైపు తిప్పిపెడితే చెవుడు ఈశాన్యానికీ నైరుతికీ వెళుతుంది. పక్కింటి ఏసి పెట్టె సరిగ్గా ఆ వైపు ఉండటం పూర్వజన్మ సుకృతం. లేకపోతే కొద్దికొద్దిగా తిప్పుతూ రొద ఎక్కడ పడిపోతుందో చూసుకోవాలి.

ఏమి దొరకు. ఇది కాకువు. నిరాశతో పలికితే ‘ఏమీ దొరకదు’ అని, కుతూహలంతో పలికితే ‘ఏం దొరుకుతుందో’ అని. 2017లో వచ్చిన ఎఫ్‌టి8 పద్ధతి రెండో పఠనానికి బలమిచ్చింది. నోబెల్ పొందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే చేసిన ఈ పద్ధతిలో పదిహేను సెకన్లకొక వంతు. రొదకన్నా 20 డెసిబెల్స్ కింద మునిగిన సంకేతాన్నీ కంప్యూటర్ తవ్వి తీస్తుంది. మోర్స్ అభిమానులు దీన్ని కావ్యంగా ఒప్పుకోరు. వ్యాఖ్యాత ఆ తగువులోకి దిగడు.

కవికి ఒక్క సలహా మాత్రం ఇవ్వవచ్చు. సాల్మియా నుంచి ఫహాహీల్ దాకా తీరం తూర్పు ముఖంగా ఉంది. శుక్రవారం సెలవునాడు నాయకుణ్ని అక్కడికి పంపి, 5 మీటర్ల టెలిస్కోపిక్ విప్ ఏంటెనాను నీటి అంచున నిలబెట్టి, అడుగున రెండు తీగలు పరిపించాలి. పొడి ఇసుక మింగేసే వాలు తరంగాలను ఉప్పునీరు మింగదు. కడపకు కావలసిన ఆ రెండు మూడు డిగ్రీల దారి గల్ఫ్ జలాల మీదుగా తెరిచి ఉంటుంది. అయితే అక్కడ ఏసి లేదు. నాలుగో పాదం మొత్తం మార్చాలి, ‘నేమి’కి యతి చెల్లేలా ఇంకో మాట వెతకాలి.