ఒళ్లు పట్టే చేతులు ఏడికి పోయినయ్?

ఇప్పుడు లక్సెట్టిపేటల ఎవ్వల్ని కదిలిచ్చినా ఒకటే మాట, టెన్షన్. పదో తరగతి పోరనికి టెన్షన్, బ్యాంకుల పనిచేసే పిల్లకు టెన్షన్, దుబాయ్ నుంచి కొడుకు ఫోన్ రాకపోతే తల్లికి టెన్షన్. లేదని నేనంటలేను. మా రోజుల్ల గూడ ఉండె. వాన మొఖం చాటేస్తే, షావుకారు అప్పు మీద మిత్తి పెరిగితే, బిడ్డ పెండ్లి కుదరకపోతే ఎవ్వలికి మాత్రం నిద్ర పడుతది? గని ఆ బరువు దించేటందుకు ఇంట్ల ఒక చెయ్యి ఉండె. ఇయ్యాల ఇల్లు పెద్దగైంది, ఆ చెయ్యి కనవడుతలేదు. నా లొల్లంత దాని గురించే.

ఐతారం వచ్చిందంటే మా ఇంట్ల పొద్దుగాల్నే పొయ్యి మీద నీళ్ల కాగు ఎక్కుతుండె. గానుగ పట్టిచ్చిన నువ్వుల నూనెను ఇనుప గంటెల వేడిజేసి, మా అవ్వ మాడు మీద పోసి, అరచేత్తోటి తట్టి తట్టి ఇంకిస్తుండె. ఇంకేదాక కదలనియ్యకపోవు. మాడు అయినంక చెవుల ఎన్క, మెడ నరాలు, ఎన్నుపూస, పిక్కలు, ఆఖరికి అరికాళ్లు. ఇంత సేపు ఎండల కూసోబెట్టి, కుంకుడుకాయ పులుసుతోటి తల రుద్ది, శనగపిండితోటి ఒళ్లు రుద్ది తానం పోస్తుండె. బుక్కెడు తిని పండుకుంటే మళ్ల మాపటికే తెలివి. అసొంటి నిద్ర ఇప్పుడు ఏ గోలీ తెస్తది?

వాగ్భటుడు రాసిన ఆయుర్వేద పుస్తకం అష్టాంగహృదయంల నూనె మర్దన దినాం చేసుకోవాలె అని ఉన్నది. అలసట పోతది, వాతం తగ్గుతది, నిద్ర మంచిగ పడుతది, తలకు, చెవులకు, పాదాలకు మాత్రం తప్పిపోవద్దు అంటడాయన. కఫం పట్టినోళ్లు, అరగనోళ్లు చేసుకోవద్దని గూడ చెప్పిండు. మా అవ్వకు అచ్చరం ముక్క రాదు. అయినా పడిశం పట్టిన పోరని నెత్తికి నూనె ముట్టనియ్యకపోవు. ఈ ఇద్దరి నడుమ వందల ఏండ్లు, ఎన్ని ఇండ్ల చేతులు ఉన్నయో!

మంచిర్యాల దాటి శ్రీరాంపూర్, మందమర్రి దిక్కు పోతే బొగ్గుబాయిల కథ ఇంకో తీరు. తట్టా చెమ్మస్ (పార) రోజులల్ల చేతులతోటి బొగ్గు ఎత్తి ఎత్తి షిఫ్టు దిగొచ్చిన మనిషి నడుము లేవకపోవు. ఇంటామె నూనె కాచి వీపు రుద్దుతుండె. రుద్దుకుంటనే అడుగుతుండె, ఇయ్యాల సర్దార్ ఏమన్నడు, కప్పు మంచిగున్నదా, పక్క ఫేసుల ఎవ్వలికన్న దెబ్బ తగిలిందా అని. నూనె చేసేది సగం పనే, మిగిలిన సగం ఆ ముచ్చట చేస్తుండె. వీపు మీద చెయ్యి పెట్టినోళ్లకే మగోడు లోపలి భయం చెప్పుకునేది. ఎదురుంగ కూసోబెట్టి అడిగితే ఏం లేదనే అంటడు.

మా దిక్కు ఆడోళ్లేమో బీడీలు. ఒళ్లె చాట పెట్టుకొని, మెడ వంచుకొని, తునికాకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు. పొద్దుమీకే వరకు మెడ, బుజాలు బిర్రుగ పట్టేస్తుండె. మాపటికి గల్మల్ల ఒకరెన్క ఒకరు కూసొని జడలేసుకుంటుండ్రి, పేన్లు చూసుకుంటుండ్రి, మెడలు పట్టుకుంటుండ్రి. పేన్లు చూసుడంటే ఇప్పటి పిల్లలు మొఖం చిట్లిస్తరు. అర్ధగంట సేపు ఒక సోపతిగత్తె వేళ్లు నెత్తిల తిరుగుతుంటే, అత్తతోటి అయిన పంచాది, కంపెనీల తీసేసిన కట్టల బాధ అన్నీ బయటికొచ్చి పోయేటియి. ఇయ్యాల గా ఆడోళ్లే ఎవ్వలింట్ల వాళ్లు టీవీ ముంగట కూసొని బీడీలు చేస్తున్నరు. మెడనొప్పికి మలాం డబ్బా తెచ్చుకుంటున్నరు. ఆ మలాం గూడ ఎవ్వలది వాళ్లే రాసుకునుడు!

ఒక్క ముచ్చట దాచిపెట్టి మా రోజులే బంగారమంటే అబద్ధమైతది. గడిల దొర కాళ్లు ఒత్తిన చేతులు గూడ ఉండె. అది వెట్టి. పైసా లేదు, ఒద్దనేటందుకు నోరు లేదు. గోదారికి అవతల 1978 సెప్టెంబర్ 7న దొరల మీద జనం లేచి జగిత్యాల జైత్రయాత్ర చేసిన కాలంల, ఆ దిక్కు ఊర్లల్ల దొరలకు క్షవరం చెయ్యం, బట్టలు ఉతకం అని బందు పెట్టిన్రు. మంచిపని చేసిన్రు. ఇష్టం లేని చెయ్యి ఎంత ఒత్తినా అది మర్దన కాదు, జులుం. ఇయ్యాల సెలూన్ల నాయీబ్రాహ్మణుడు మాలీషు చేసి ఇంత ఇయ్యుండ్రి అని అడుగుతున్నడంటే, ఆ హక్కు ఊరికె వచ్చింది కాదు. గందుకే ఆడ బేరం చేసేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతది.

ఈ పనికి లోకంల ఎంత కదర్ ఉన్నదో మనకే తెల్వదు. బీహార్‌ల పట్నాల పుట్టిన సేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండ్ పోయి, 1814ల బ్రైటన్ సముద్రపొడ్డున ఆవిరి తానం, మాలీషు దుకాణం పెట్టిండు. నాలుగో జార్జి రాజుకు మాలీషు చేసేటోడయిండు. మనోళ్లేమో హైదరాబాద్‌ల స్వీడిష్ అనో, థాయ్ అనో బోర్డు ఉంటే వేలకు వేలు పోసొస్తరు. అత్త నూనె గిన్నె పట్టుకొని పిలిస్తే మాత్రం, టైం లేదు అంటరు.

పసిపిల్లల కాడ గూడ గంతే. కాళ్లు చాపుకొని, పిల్లను కాళ్ల మీద బోర్ల ఏసుకొని, నూనె రాసి తానం పోసే ముసలామె ప్రతి వాడల ఉండె. 1986ల అమెరికాల టిఫనీ ఫీల్డ్ అనే ఆమె, నెలలు నిండక పుట్టిన పిల్లలకు దినాం మూడుసార్లు, పావుగంట పావుగంట ఒళ్లు నిమిరిచ్చి చూసింది. నిమరని పిల్లల కన్నా వాళ్లు 47 శాతం ఎక్కువ బరువు పెరిగిన్రు, ఆరు దినాలు ముందుగాల ఇంటికి పోయిన్రు. గీ లెక్క చూసినంక మన కోడండ్లు మర్దన మంచిదే అంటున్నరు. సరే, ఎవ్వలు చెప్తే ఏంది, చేస్తే చాలు. అయితే చెవులల్ల, ముక్కుల నూనె పోసే అలవాటు మాత్రం మళ్ల తేవద్దు. అండ్ల మా ముసలోళ్లది తప్పే, డాక్టర్లది ఒప్పు.

మాలీషు అయినంక మెడను పట్టుకొని పటుక్కుమనిపిచ్చుడు గూడ ఒద్దు. మెదడుకు పోయే రక్తనాళాలు మెడలకెల్లే పోతయి. 2022ల హైదరాబాద్‌ల ఒకామెకు పార్లర్‌ల తల కడిగేటప్పుడు మెడ ఎన్కకు వంగి, ఆ నాళం నలిగి స్ట్రోక్ వచ్చిందని నరాల డాక్టర్ చెప్పిండు. ఒక్క కాలే వాచి, వేడిగుండి, నొప్పి లేస్తే ఆ కాలును ఒత్తొద్దు. లోపల రక్తం గడ్డ కట్టిందేమో దవాఖానల చూపియ్యాలె.

నా మాట మర్దన ఒక్కదాని గురించే కాదు, నలుగురు కలిసి బరువు దించుకునే ఆట గురించి గూడ. దండేపల్లి దిక్కు గుడిరేవు కాడ, గోదారి ఒడ్డుకు పద్మల్‌పురి కాకో గుడి ఉన్నది. దీపావళికి ముందు దండారి పండుగకు గోండులు ఊర్లకు ఊర్లు వస్తరు. నెమలీకల టోపీలు పెట్టుకొని గుస్సాడి ఆడుతరు. ఒక ఊరోళ్లు ఇంకో ఊరికి సుట్టాలుగ పోయి, తిని, ఆడి, మళ్ల వాళ్లను పిలుచుకుంటరు. మార్లవాయి కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చింది ఈ ఆటకే. వానకాలమంత చేన్ల వంగిన ఒళ్లు గన్ని దినాలు డోలు చప్పుడుకు ఆడితే మనసుల ఏం మిగులుతది? వాళ్లు ఇప్పటికీ ఆడుతున్నరు. వాళ్లకు ఇంత దగ్గర ఉండి, మన పెండ్లిండ్లల్ల మాత్రం డీజే పెట్టి, కుర్సీలల్ల కూసొని ఫోన్లు చూస్తున్నం.

ఇంట్ల నలుగురుంటే నలుగురి చేతులల్ల నాలుగు ఫోన్లు. మొన్న మా మనవడు మెడనొప్పికని మాలీషు చేసే మెషీన్ తెప్పిచ్చుకున్నడు. గుర్రుమంట కొట్టుకుంటది. చెడ్డదని నేననను, కండరం వదులైతది కావచ్చు. బిడ్డా, ఏమైందిరా అని అది అడుగుతదా? వాని తల్లి పక్క అర్రలనే ఉండె. ఆమెకూ మెడనొప్పే.

చేతులతోటి తీరనిది గూడ ఉంటది. రెండు వారాలకెల్లి నిద్ర లేదు, తిండి పోతలేదు, బతకబుద్ధి అయితలేదు అనే మనిషికి నూనె ఒక్కటే సాలదు. 2022 అక్టోబర్‌ల సర్కారు మనసు బాధలకు టెలిమానస్ అనే ఫోన్ సాయం పెట్టింది, నంబర్ 14416, పైసలు పడయి, తెలుగుల మాట్లాడుతరు. మా చిన్నప్పుడు అసొంటోళ్లను గాలి సోకిందని యాపకొమ్మలతోటి కొట్టిన్రు. ఆ దెబ్బలు తిన్న ఆడిబిడ్డలు మా వాడల ఉండిరి. అసొంటప్పుడు మాలెక్క మంత్రగాని కోసం తిరగకుండ్రి, ఆ మనిషి చెయ్యి పట్టుకొని పక్కన కూసోండ్రి, ఫోన్ కలుపుండ్రి.