క్లౌడుకు మారేవాళ్లకు అందరూ ఇచ్చే ఆరు తప్పుడు సలహాలు

మార్కెట్ యార్డులో ఒక కమీషన్ దుకాణం అనుకుందాం. రైతుల ఖాతాలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), హమాలీ కూలి, అడ్వాన్సులు అన్నీ ఎప్పుడో ఎవరో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాసిచ్చిన ప్రోగ్రాములోనే నడుస్తున్నాయి. ఇప్పుడు యజమాని ఒక ఊళ్లో, గుమాస్తాలు యార్డులో, ఆడిటరు ఇంకో ఊళ్లో ఉంటున్నారు. అందరికీ ఒకే లెక్క కనబడాలంటే క్లౌడులో ఒక విండోస్ సర్వరు అద్దెకు తీసుకుని అందులోకే లాగిన్ కావడం మంచి దారి. కానీ ఆ మాట బయటికి రాగానే తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో చాలావరకు పాత కంప్యూటరు మీద నిజంగా పనిచేసినవే, అందుకే అంత ధీమాగా చెబుతారు. కొత్తచోట అవే లెక్కలను ముంచుతాయి.

1. "ఫైలును వన్‌డ్రైవ్‌లో పడేస్తే చాలు, సర్వరు దండగ"

యాక్సెస్ ఫైలును నలుగురు ఒకేసారి తెరిచినప్పుడు పక్కనే ఒక చిన్న లాక్ ఫైలు పుడుతుంది. ఒకరు రాస్తున్న రికార్డు మీద ఇంకొకరు రాయకుండా ఆపేది అదే. వన్‌డ్రైవ్ ఆ తాళాన్ని పట్టించుకోదు. ఎవరి కంప్యూటరులో వాళ్లకొక కాపీ ఉంచి, మార్పు జరిగాక ఫైలును పైకి పంపుతుంది. ఇద్దరు ఒకే ఉదయం ఎంట్రీలు కొడితే రెండు ఫైళ్లు మిగులుతాయి, ఒక్కోదానిలో సగం లెక్క. వాటిని కలపాలంటే తక్‌పట్టీలు ముందేసుకుని చేత్తో సరిచూసుకోవాల్సిందే.

2. "ఫైలు అక్కడ పెట్టి, ఇక్కడి నుంచే తెరవండి"

యాక్సెస్‌లో లెక్క కట్టేది మీ ముందున్న కంప్యూటరే. ఫైలు ఎక్కడో ఉంటే దానిలోని సమాచారమంతా లైను మీద ఇటూ అటూ తిరగాలి. రాస్తుండగా నెట్ తెగితే ఫైలే పాడైపోవచ్చు. అందుకే ప్రోగ్రాము, డేటా రెండూ సర్వరులోనే ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా మీ దగ్గరికి తెర మాత్రమే రావాలి. అప్పుడు నెట్ తెగినా పని అక్కడే ఆగి ఉంటుంది, మళ్లీ లాగిన్ అయితే అదే తెర కనిపిస్తుంది.

ఫైలును రెండుగా విడగొట్టండి. పట్టికలు ఒక ఫైలులో, ఫారాలూ రిపోర్టులూ ఇంకో ఫైలులో పెట్టి, రెండోదాని కాపీ ప్రతి మనిషికీ విడిగా ఇవ్వండి. యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటదు. మీది ఆ దరిదాపుల్లో ఉంటే పట్టికలను ఎస్‌క్యూఎల్ సర్వరుకు మార్చే ఆలోచన ఇప్పుడే చేయాలి.

3. "డేటా ఎప్పుడూ డి డ్రైవులోనే పెట్టాలి"

మన ఆఫీసుల్లో ఇది వేదవాక్కు. వైరస్ వచ్చి సి డ్రైవు ఫార్మాట్ చేసినా డి డ్రైవు దక్కుతుందని అందరికీ అలవాటైపోయింది. కానీ మైక్రోసాఫ్ట్ వారి క్లౌడు అజ్యూర్‌లో అద్దెకు తీసుకునే చాలా విండోస్ మెషీన్లలో డి డ్రైవు అంటే తాత్కాలిక డిస్కు. అందులో సమాచారం పోవచ్చని హెచ్చరించే ఒక టెక్స్ట్ ఫైలు కూడా అక్కడే ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు. మామూలుగా రీస్టార్ట్ చేస్తే డేటా ఉంటుంది కాబట్టి అనుమానమూ రాదు. అద్దె మిగులుతుందని ఒక రాత్రి పోర్టల్‌లోంచి మెషీన్‌ను ఆపేస్తారు. పొద్దున్నే మళ్లీ ఆన్ చేస్తే డి డ్రైవు ఖాళీ. డేటాకు విడిగా ఒక డిస్కు తగిలించుకుని, డేటాను అందులోనే ఉంచండి.

4. "నడుస్తోంది కదా, సెట్టింగులు ముట్టుకోవద్దు"

ముట్టుకోవాలి, అదీ మొదటిరోజే. క్లౌడులో ఇచ్చే విండోస్ సాధారణంగా యూటీసీ కాలమానంలో, అమెరికా తేదీ పద్ధతిలో వస్తుంది. యూటీసీ మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక. కూరగాయల మార్కెట్లో తెల్లవారుజామున అయిదింటికి కాంటా వేసిన సరుకు నిన్నటి తేదీలో పడుతుంది. ఇక 05/04 అని కొడితే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అవుతుంది. 13/04 అని కొడితే మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి యాక్సెస్ తానే తిప్పి ఏప్రిల్ 13గా తీసుకుంటుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజుల్లో తప్పులు పడి, ఆ తర్వాత అంతా సరిగా కనిపిస్తుంది. అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. తేదీ పద్ధతిని ప్రతి యూజరు లాగిన్‌లోనూ విడివిడిగా మార్చాలి.

రైతుల పేర్లు పాత అను ఫాంట్లలో కొట్టి ఉంటే అవి సర్వరులో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. డేటా ఏమీ పోలేదు, ఫాంటు లేదు, అంతే. ఆ సంగతి తెలియని గుమాస్తా పేర్లు మళ్లీ కొట్టడం మొదలుపెడితే ఒకే రైతుకు రెండు ఖాతాలు పుడతాయి. ముందు ఫాంటు వేయించండి, తర్వాత తీరిగ్గా యూనికోడ్‌కు మార్పించండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద తక్‌పట్టీ కాగితం కొలత సరిపోతోందో లేదో కూడా సీజన్‌కు ముందే చూసుకోండి.

5. "ఒక్క పాస్‌వర్డ్ చాలు, అందరికీ అదే ఇవ్వండి"

రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389. దాన్ని ఇంటర్నెట్‌కు బార్లా తెరిస్తే పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ప్రోగ్రాములు నిత్యం దాని మీద పడుతూనే ఉంటాయి. ఫైళ్లన్నిటికీ తాళం బిగించి డబ్బులడిగే ముఠాలు వచ్చే దారుల్లో ఇదొకటి. వీపీఎన్ లోపలి నుంచే రానివ్వండి, ఫోనుకు వచ్చే రెండో అనుమతి పెట్టండి, మనిషికో లాగిన్ ఇవ్వండి. అడ్వాన్సు అంకె మార్చింది ఎవరో అప్పుడే తెలుస్తుంది. విండోస్ సర్వరు మామూలుగా ఇద్దరిని మాత్రమే, అదీ నిర్వహణ పనికే రానిస్తుంది. అంతకు మించితే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కొనాలి. 120 రోజుల గడువు ఉంది కదా అని వదిలేస్తే, సీజన్ మధ్యలో తలుపు మూసుకుంటుంది.

6. "క్లౌడులో ఉందంటే బ్యాకప్ ఉన్నట్టే, పాత కంప్యూటరు అమ్మేయండి"

కంపెనీవాళ్లు చూసుకునేది తమ యంత్రాలను. మీవాళ్లు పొరపాటున చెరిపేసిన ఖాతాను వెనక్కి తెచ్చే పూచీ వాళ్లది కాదు. రోజూ బ్యాకప్ తీయండి, దాన్ని ఆ సర్వరులో కాక వేరేచోట ఉంచండి, నెలకోసారి దాన్ని తెరిచి నిన్నటి మొత్తం సరిపోతోందేమో చూడండి. మీది రిజిస్టరైన కంపెనీ అయితే లెక్కల బ్యాకప్ మన దేశంలోని సర్వరులో రోజూ ఉండాలని 2022లో సవరించిన నిబంధన చెబుతోంది. సర్వరు తీసుకునేటప్పుడు ముంబై, పుణె, చెన్నై, హైదరాబాద్‌లలో ఏదో ఒకటి ఎంచుకుంటే పని కూడా చురుగ్గా సాగుతుంది.

పాత కంప్యూటరును మాత్రం ఇప్పుడే వదలొద్దు. ఒక పూర్తి నెల లెక్క రెండుచోట్లా వేసి, ప్రతి రైతు బాకీ పైసాతో సహా కలిసేదాకా అది మూల ఉండాల్సిందే. పంట తెచ్చిన మనిషి చేతిలో ఒక తక్‌పట్టీ ముక్క తప్ప వేరే సాక్ష్యం ఉండదు. మన ఫైలులో ఆ అంకె తప్పితే నష్టపోయేది అతనే.