అంగీ రంగు

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతరలో తల్లుల గద్దెల దగ్గరికి పోయినవాళ్లకు తెలుసు, అక్కడ అడుగు మనం వెయ్యం, వెనకున్న జనం వేయిస్తారు. ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో తల్లులకిచ్చే బంగారం, అదే బెల్లం. చంకలో పిల్ల. కాళ్ల కింద బెల్లం కరిగి జిగటజిగట. ఆ తోపులాటను అదనుగా తీసుకునే మగవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. లక్షల మంది మొక్కు తీర్చుకునే చోట ఆడపిల్ల మోచేతులు దగ్గరికి ముడుచుకుని నడవాల్సి రావడం కంటే అన్యాయం ఏముంటుంది?

హనుమకొండలో కరాటే నేర్పే ఒక మేడం 2024 జాతరకు ముందు తన పద్ధతంతా మార్చేసింది ఇందుకే. తెల్ల డ్రెస్సు, మెత్తటి మ్యాటు, వంగి దండం పెట్టాక గానీ మీదికి రాని ప్రత్యర్థి. "వీటితోని మెడల్ వస్తది. మేడారంల పనికిరాదు" అని అమ్మాయిలకు చెప్పేసింది. ముమ్మాటికీ నిజం. వదిలెయ్యడానికి ముందే సిద్ధపడ్డ జోడీ మీద ఏ పట్టయినా పనిచేస్తుంది.

చున్నీ వేసుకుని, చెప్పులతో, భుజాన సంచితో రమ్మంది. అందరినీ ఒక చిన్న గదిలో కుక్కి, స్పీకర్లో డప్పుల మోత పెట్టి, ఎవరు ఎప్పుడు వెనకనుంచి పట్టుకుంటారో చెప్పకుండా సాధన చేయించింది. పట్టుకున్నవాళ్లు ఊరికే వదలకూడదు. గుండె దడదడలాడేటప్పుడు చెయ్యికి నాజూకు పనులు రావు కాబట్టి నేర్పింది నాలుగే. చిటికెన వేలు దొరకబుచ్చుకుని వెనక్కి విరవడం, మడమతో పాదం మీద తొక్కడం, మోచేత్తో డొక్కలో పొడవడం, అరవడం. వేలు విరిగితే మన మీదే కేసవుతుందేమోనని ఒకమ్మాయి భయపడింది. ఆత్మరక్షణ హక్కు చట్టంలోనే ఉందని, అప్పటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లన్నీ దాని గురించేనని మేడం చెప్పింది.

ఎక్కువసేపు మాత్రం అరుపు మీదే ఉంచింది. ఉత్తగా 'కాపాడండి' అంటే ఎవరి నుంచో జనానికి తెలియదు. "అంగీ రంగు చెప్పుర్రి. ఎర్ర అంగోడు చెయ్యేసిండు, పట్టుకోర్రి అనాలె. అప్పుడు అందరి కండ్లు వాని మీదనే పడ్తయి."

ఆ తల్లుల్లో ఒకరైన సమ్మక్క కథ కూడా చెప్పేది. కాకతీయ సైన్యంలో ఎదురుగా వచ్చినవాడెవడూ ఆమెను పడగొట్టలేకపోయాడు. దొంగచాటుగా వెనకనుంచి పొడిచారు. నెత్తురోడుతూనే ఆమె చిలుకలగుట్ట దిక్కు సాగిపోయింది. అందుకే మేడం ప్రతి క్లాసూ వీపు వైపు నుంచే మొదలుపెట్టేది.

వాళ్లలో డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతె ఉంది. చిన్నాయన రోజూ బండి మీద దింపేవాడు, అయిపోయేదాకా గేటు దగ్గర నిలబడి వెంట తీసుకుపోయేవాడు. జనం మధ్య సాధనంటే ఆమెకు పెద్ద ఆసక్తి లేదు. "పండుకున్నప్పుడైతే ఎట్ల మేడం? నోరు మూస్తే?" అని మళ్లీ మళ్లీ అడిగేది. జాతరకు పోతే రాత్రుళ్లు చెట్ల కింద, డేరాల్లో పడుకోవాలి కదా, ఆ భయం అనుకుంది మేడం. నేల మీద పడుకోబెట్టి అదీ నేర్పింది. మోకాలు అడ్డం పెట్టడం, నడుము ఒక్కసారిగా పైకెత్తి మీదున్నవాణ్ని పక్కకు దొర్లించడం. అందరూ వెళ్లిపోయాక కూడా ఆ అమ్మాయి అదే చేస్తుండేది. అరవమంటే మాత్రం గొంతు పెగిలేది కాదు.

ఫిబ్రవరి 23, శుక్రవారం. తల్లులిద్దరూ గద్దెల మీదున్న రోజు. జంపన్నవాగులో మునిగొచ్చిన తడి జుట్టుతోనే ఆ అమ్మాయి జనంలో నిలబడింది. నడుము మీద చెయ్యి పడింది. ఆమె తల కూడా తిప్పలేదు. చిటికెన వేలు దొరికింది, మడమ దిగింది. ఇన్నాళ్లూ రాని గొంతు డప్పుల మోతను చీల్చుకుంటూ వచ్చింది. "ఎర్ర అంగోడు! చెయ్యేసిండు! పట్టుకోర్రి!" పక్కనే ఒడిబియ్యం మూట నెత్తినపెట్టుకున్న ఒక ముసలమ్మ మూట వదలకుండానే రెండో చేత్తో వాడి కాలరు దొరకబట్టింది. వాడు పెనుగులాడేలోపు చుట్టూ జనం, వెనకే పోలీసులు.

ఆ సాయంత్రం డేరా ముందు పొయ్యి మీద కోడికూర ఉడుకుతుంటే, వచ్చినవాళ్లకల్లా చిన్నాయన చెప్పిందే చెప్తున్నాడు. "మా బిడ్డ పులి! దినాం క్లాసుకు దింపింది నేనే!"

కబురు తెలిసి మేడం వచ్చింది. అమ్మాయి పక్కన కూర్చుని వీపు తట్టింది. "ఇగ నువ్వు ఎవనికీ భయపడే పనిలేదు బిడ్డా."

అమ్మాయి పళ్లెం పక్కకు జరిపింది.

"ఎర్ర అంగీ అంటే అందరొచ్చిన్రు మేడం. ఇంట్ల నడిరాత్రి ఏమని అరవాలె? అంగీ రంగు చెప్పాల్నా, చిన్నాయన అని చెప్పాల్నా?"