పేపరులో ఫుల్ మార్కులు, వీధిలో మోకాలి లోతు

మా రోజుల్లో పర్యావరణం అనే సబ్జెక్టే లేదు. ఎండ, వాన, దుమ్ము, చెట్టు ఉండేవి, వాటితో బతికేవాళ్ళం, అంతే. ఇప్పుడు ఢిల్లీలో సివిల్స్ కోచింగ్ సెంటర్లున్న ఈ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఎటు చూసినా ఆ సబ్జెక్టు పోస్టర్లే. 'ఎన్విరాన్‌మెంట్ నెల రోజుల్లో పూర్తి, నోట్సు ఉచితం' అని. వాటిని తగిలించింది ఎక్కడనుకున్నారు? వేపచెట్టు బోదెకి, మేకులు కొట్టి మరీ!

నేను 1974లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద ఢిల్లీ వచ్చినవాణ్ణి. ఈ కాలనీలో ఒక బర్సాతీ అద్దెకు తీసుకున్నాను. మేడ మీద ఒక్క గది, దాని ముందు బోలెడంత డాబా. ఇంటివాళ్ళు దేశ విభజనప్పుడు పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు. అలాంటి కాందిశీకుల కోసమే ప్రభుత్వం ఈ కాలనీ కట్టి, రాజేంద్రప్రసాద్ పేరు పెట్టింది. స్థలాలు చిన్నవే అయినా ఇంటికో వాకిలి, వాకిట్లో మట్టి, ఆ మట్టిలో ఓ జామచెట్టు. ఎండాకాలం రాత్రి నులక మంచాలన్నీ డాబా ఎక్కేవి. పక్కన కుండలో నీళ్ళు, చేతిలో విసనకర్ర. కరెంటు పోయిన సంగతి పొద్దున ఎవరో చెబితే తెలిసేది.

ఇప్పుడు అదే జాగాలో నాలుగంతస్తులు లేచాయి. కింద నేలమాళిగ. జామచెట్టు పోయింది, వాకిలి పోయింది, గోడ నుంచి గోడకి సిమెంటు. గదికో ఏసీ పెట్టి లోపలి వేడినంతా ఎదురింటి కిటికీలోకి ఊదుతారు. ఎదురింటాయన ఊరుకుంటాడా, ఆయనా రెండు పెట్టాడు. నా పాత బర్సాతీ అంత చోటుని చెక్క అడ్డాలతో మూడు గదులు చేశారు, వాటిలో కిటికీ ఉన్నది ఒక్కదానికే. అద్దె వింటే నా పింఛను సిగ్గుతో తల దించుకుంది.

సరే, నీళ్ళ సంగతికి వద్దాం. శంకర్ రోడ్డు అవతల రిడ్జ్ ఉంది, ఆరావళి కొండల చివరి కొస. కాలనీ ఉన్నది పల్లంలో. గిన్నె అడుగున ఉన్నట్టు చుట్టుపక్కల నీళ్ళన్నీ ఇటే దిగుతాయి. ఆనాడు కొంత వాకిట్లో ఇంకేది, మిగతాది నాలాలోకి పోయేది. మా ఇంటివాళ్ళ ముసలమ్మ వాన మబ్బు కనబడగానే చీపురు పట్టుకుని వీధి కాలువ నోరు శుభ్రం చేసేది. ఆవిడకి చదువు లేదు, నీళ్ళు ఎటు పోతాయో తెలుసు.

ఇప్పుడు ఆ కాలువ నోట్లో ఉన్నవి టీ కప్పులు. మా కాలంలో చాయ్‌వాలా గాజు గ్లాసులో పోసి, తాగాక కడిగి పెట్టుకునేవాడు. ఈ పిల్లలకి కాగితం కప్పు కావాలి. దాని లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, నానదు, కరగదు. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉందన్న సంగతి, ఆ కప్పు చేత్తో పట్టుకున్న కుర్రాడే నాకు తేదీతో సహా అప్పజెప్పాడు. తర్వాత కప్పు ఎక్కడ పడేశాడో నేను వేరే చెప్పాలా?

2024 జులై 27 సాయంత్రం ఈ వీధుల్లోనే ఒక కోచింగ్ సెంటరు నేలమాళిగలోకి వాననీళ్ళు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ నేలమాళిగకి ఉన్న అనుమతి సామాన్లు పెట్టుకోడానికి, బళ్ళు నిలుపుకోడానికి. అందులో నడిపింది లైబ్రరీ. అదే వారంలో పక్కనున్న పటేల్ నగర్‌లో నిలిచిన నీళ్ళలో కరెంటు తగిలి ఇంకో అభ్యర్థి పోయాడు. ఆ 27న ఆకాశమేమీ విరిగిపడలేదు. నెల ముందు, జూన్ 28న, సఫ్దర్‌జంగ్‌లో ఒక్క రోజులో 228 మిల్లీమీటర్లు పడింది. దాని ముందు ఇది ఏపాటి వాన? హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అప్పటికి ఈ నగరం వాననీటి కాలువలకి ఉన్న దిక్కు 1976 నాటి ప్రణాళిక. 1971 లెక్కల్లో ఢిల్లీ జనం 40 లక్షలు, 2011 నాటికి కోటీ 68 లక్షలు.

ఇంకో విచిత్రం వినండి. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్ మూడో జనరల్ స్టడీస్ పేపరులో 'పర్యావరణ ప్రభావ మదింపు' ఒక అంశం. 1994 నోటిఫికేషన్ ఏమిటి, 2006 నోటిఫికేషన్‌లో మారిందేమిటి అని ఈ వీధుల్లో వేలమంది రాత్రింబవళ్ళు బట్టీ పడుతున్నారు. మొన్నటిదాకా ఎక్కడ కూర్చుని? ఏ మదింపూ లేకుండా తవ్విన నేలమాళిగల్లో!

మా రోజులన్నీ బంగారమని నేననను. ఇళ్ళలో బొగ్గు అంగీఠీలు, యమున ఒడ్డున ఇంద్రప్రస్థ బొగ్గు కరెంటు కేంద్రం, రోడ్డు మీద నల్లపొగ కక్కే డీజిల్ బస్సులు. ఆఫీసు నుంచి వచ్చి ముఖం తుడుచుకుంటే జేబురుమాలు మసిగుడ్డయ్యేది. 1998లో సుప్రీంకోర్టు బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలంది. గోల చేశారు, గడువులు అడిగారు, కోర్టు వదల్లేదు, 2002 ఆఖరుకి మారాయి. అంటే మనకి చట్టాల కరువు లేదు, వెంటబడి అమలు చేయించేవాళ్ళకే కరువు.

మన తెలుగువాళ్ళు నవ్వుకోనక్కర్లేదు, ఇది ఢిల్లీ రోగం ఒక్కటే కాదు. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచితే, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిచి అడిగారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ లేచాయి. ఒక్క వరదకి రెండు జలాశయాలు కట్టిన కాలం అది. మరి ఇప్పుడో? చెరువు శిఖంలో కాలనీ కట్టి, దానికి లేక్ వ్యూ అని పేరు పెడతాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చి, తన దారి ఏదని అడిగి వెళ్ళింది.

గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చి ఈ సందుల్లో చదువుకుంటున్న పిల్లల్లారా, ఈ ముసలాడి గొణుగుడు మీకోసమే. రేపు మీలో ఒకరు మున్సిపల్ కమిషనరవుతారు, ఇంకొకరు కలెక్టరవుతారు. పూడిక తీశామని బిల్లు మీ బల్ల మీదికి వస్తే, సంతకం చేసేముందు వెళ్ళి కాలువ మూత తీయించి చూడండి. నేలమాళిగ ఫైలు వస్తే మెట్లు దిగి చూడండి. యూపీఎస్సీ ఇంటర్వ్యూ 275 మార్కులకట కదా. ఆ రెండు పనులూ చేసినవాడికి నేనైతే 275 వేస్తాను.