కారకున్న: ఒక శీతలపద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పాతవాయు వూడ్చి పట్టించి శూన్యమ్ము
క్రొత్తనూనె వోసి కొంచె మాగి
నూట నెనుబదంత నూత్నవాయువు నింపఁ
గారు చల్లనగునుఁ గారకున్న

అవతారిక: అమెరికాలో 1990ల తొలి ఏళ్ల దాకా వచ్చిన కార్ల ఏసీల్లో తిరిగింది ఆర్-12. ఫ్రియాన్ అంటే అందరికీ తెలుస్తుంది. ఇలాంటి వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. 1995లో వారికి నోబెల్ వచ్చింది. ఆ ఏడాది చివరికే అక్కడ ఆర్-12 తయారీ ఆగింది. కార్లు మాత్రం ఆగలేదు. టెక్సాసు ఎండలో అద్దాలు దించుకు తిరిగే ఒక పాతకారు ఆసామి, ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఎకు మారే విధానాన్ని గరాజులో కూర్చుని ఇలా ఛందోబద్ధం చేశాడు.

టీక: పాతవాయువు = ఆర్-12ను; ఊడ్చి = యంత్రంతో పూర్తిగా లాగించి; శూన్యమ్ము పట్టించి = వాక్యూమ్ పంపు నడిపి; క్రొత్తనూనె = ఎస్టర్ నూనెను; పోసి = కంప్రెసర్‌కు పట్టించి; కొంచెము ఆగి = గేజి ముల్లు మీద కన్నేసి; నూటన్ ఎనుబది అంత = నూటికి ఎనభై పాళ్లు; నూత్నవాయువు = ఆర్-134ఎను; నింపన్ = ఎక్కించగా; కారు = శకటము; చల్లన్ అగును = చల్లబడును; కారకున్నన్ = ఎక్కడా లీకు లేకపోయినట్లయితే.

తాత్పర్యం: స్పష్టము. స్పష్టమైనదానికే వ్యాఖ్య ఎక్కువ కావాలి.

విశేషాలు: ‘ఊడ్చి’ అన్నాడు గదా అని నట్టు విప్పి గాలిలోకి వదిలేయరాదు. అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆ వాయువును పట్టి దాచే యంత్రం వర్క్‌షాపులో ఉంటుంది. ఇంట్లోనే చేసుకుందామని బయలుదేరినవాడికి మొదటి పాదంలోనే గడప దాటవలసి వచ్చిందన్నమాట. కవి ఈ సంగతి మింగేశాడు.

రెండో పాదం దగ్గర పెద్ద చిక్కుంది. శూన్యం పట్టించాక నూనె పోయడానికి మూత తీస్తే బయటి గాలి లోపలికి దూరదా? దూరుతుంది. పాఠక్రమం కన్న అర్థక్రమం బలమైనదని మీమాంసకులు చెప్పనే చెప్పారు. కాబట్టి ముందు నూనె, కొత్త డ్రయ్యరు, కొత్త ఓ-రింగులు. ఆ తర్వాతే శూన్యం. యతి కోసం కవి వరస మార్చాడు. మెకానిక్కు ఆ స్వేచ్ఛ లేదు.

అసలు నూనె మార్చడమెందుకు? ఆర్-12తో పాటు తిరిగే మినరల్ నూనె ఆర్-134ఎలో కలవదు. ఏదో మూలన చేరి కూర్చుంటుంది. కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. ఎస్టర్ నూనె, లోపల మిగిలిపోయిన పాతనూనెతోనూ సర్దుకుపోతుంది. ఉమ్మడి కుటుంబపు కోడలి లక్షణం.

శూన్యం మాట. గేజి ముల్లు 29 అంగుళాల పాదరసపు శూన్యం దగ్గరికి దిగితే గరాజు వేడికే నీరు మరిగి ఆవిరైపోతుంది, పంపు దాన్ని లాగేస్తుంది. అరగంట నడిపి, కవాటాలు మూసి, పంపు ఆపాలి. ‘కొంచె మాగి’ అన్వయించేది ఇక్కడే. ముల్లు కదలకుంటే సరే. పైకి పాకితే కొత్తవాయువు డబ్బా కొనడం దండగ.

‘నూట నెనుబదంత’ దగ్గర కొందరు పండితులు నూటయెనభై అని అర్థం తీసి, ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అని వ్యాఖ్యానించారు. వారి కార్లలో వేడిగాలి వస్తోంది. ఆర్-12 ఎంత పట్టేదో ఆ తూకంలో ఎనభై, తొంభై పాళ్లకు మించితే పీడనం పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది. ఎక్కించడం తక్కువ పీడనపు నీలిగొట్టం వైపునే. ఇంజిను నడుస్తుండగా ఎక్కువ పీడనపు ఎఱ్ఱగొట్టం వైపు డబ్బా తగిలిస్తే అది పేలిపోగలదు. ఇందులో పాఠాంతరం లేదు.

‘చల్లన’ అన్నాడే గాని ‘హిమము’ అనలేదు, గమనించాలి. పాత కండెన్సర్ కొత్త వాయువు వేడిని అంత బాగా వదిలించలేదు. ట్రాఫిక్‌లో నిలబడితే కవిగారి నిగ్రహం అర్థమవుతుంది.

ఇక పద్యానికి ప్రాణం చివరి మాట. ‘గారు... గారకున్న’ యమకం లాంటిది. సరళాదేశం అడ్డొచ్చినా వినికిడి చెడలేదు. ఏసీ వాయువు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారిందనే. ఏటా వేసవికొక డబ్బా పోసుకునేవారు మూడు పాదాలే చదివినవారు. రంగు కలిపిన నూనెను లోపల తిప్పి, యూవీ దీపంతో కంప్రెసర్ ఇరుసు సీలునూ ప్రతి అతుకునూ వెతకాలి. ఆకుపచ్చగా మెరిసినచోట మరమ్మతు చేయించి, మళ్ళీ ‘పాతవాయు వూడ్చి’ నుంచి పఠించాలి. ఈసారి ఊడ్చేది ఆర్-134ఎ, పద్యం మార్చనక్కరలేదు.